మా అపార్ట్‌మెంటుకు ఒకటే బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ: ఇది నెట్ న్యూట్రాలిటీకి విరుద్ధమా?

మహదేవపుర_240 అడిగిన ప్రశ్న:

నమస్కారం. మాది కర్నూలు జిల్లా; పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. మహదేవపురలో మేముండే అపార్ట్‌మెంటులో 240 ఫ్లాట్లు ఉన్నాయి. రెండేళ్ల కిందట మా అసోసియేషన్ ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీతో ఒప్పందం చేసుకొని, భవనం లోపల ఫైబర్ లాగే హక్కును మూడేళ్ల పాటు ఆ ఒక్క కంపెనీకే ఇచ్చింది. అప్పట్లో అందరమూ సంతోషించాము. అంతకు ముందు తీగలన్నీ రోడ్డు మీది చెట్ల కొమ్మలకు వేలాడుతుండేవి, కార్పొరేషన్ వాళ్లు వాటిని కోసిన ప్రతిసారీ రెండు రోజులు నెట్ ఉండేది కాదు.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. మా ఆవిడ దుబాయ్, మస్కట్‌లలో ఉన్న తెలుగు పిల్లలకు రాత్రి పూట పద్యాలు, వ్యాకరణం చెబుతుంది. ఆ తరగతులు హైదరాబాదులోని ఒక చిన్న సంస్థ వెబ్‌సైటు మీద నడుస్తాయి. ఎనిమిది గంటల నుంచి పదిన్నర దాకా అందులో బొమ్మ ఆగిపోతుంది, మాట తెగిపోతుంది. సీసపద్యం సగంలో ఉండగా పిల్లలు "టీచర్, వినపడట్లేదు" అంటారు. అదే సమయానికి పక్క గదిలో మా అబ్బాయి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ సొంత టీవీ యాప్‌లో క్రికెట్ చూస్తుంటే ఒక్క క్షణం కూడా ఆగదు. పైగా ఆ టీవీకి ఖర్చయ్యే డేటాను నెలవారీ పరిమితిలో లెక్కించబోమని ప్లాను వివరాలలోనే రాసి ఉంది. ఫోను చేసి అడిగితే, "మా యాప్ మా సొంత నెట్‌వర్క్‌లో ఉంటుంది సార్, బయటి సైట్లకు మేము బాధ్యులం కాము" అన్నారు.

2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు ఈమెయిల్ పంపిన పది లక్షల పైచిలుకు మందిలో నేనూ ఒకణ్ణి. కంపెనీలు తమకు నచ్చిన సైటును ముందుకు తోసి, నచ్చనిదాన్ని వెనక్కి నెట్టడానికి వీల్లేదని (నెట్ న్యూట్రాలిటీ అంటే ఇదే) ఆ తరువాత నియమాలు వచ్చాయని విన్నాను. మరి మా ఇంట్లో జరుగుతున్నది ఆ నియమాలకు విరుద్ధమా, కాదా? విరుద్ధమైతే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ప్యాకెట్_కాపరి జవాబు:

నేను ఇదే ఊళ్లో నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను, మీ కంపెనీలో మాత్రం కాదు. మీ ప్రశ్నలో మూడు వేర్వేరు సంగతులు ఒకే ముడిలో పడ్డాయి: ఒక సైటు నెమ్మదిగా రావడం, ఒక యాప్ డేటాను లెక్కలోకి తీసుకోకపోవడం, భవనంలోకి రెండో కంపెనీని రానివ్వకపోవడం. నేను మొదటిదాని గురించే చెప్పగలను.

సైటు నెమ్మదిగా వచ్చినంత మాత్రాన ఎవరో కావాలని దాన్ని తొక్కిపెట్టారని అనుకోవలసిన పని లేదు. పెద్ద వీడియో కంపెనీలు తమ సినిమాల నకళ్లను నిలవ ఉంచే సర్వర్లను బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల ప్రాంగణాల్లోనే పెట్టిస్తాయి. అందువల్ల మీరు చూసే సినిమా బెంగళూరు దాటి రావలసిన అవసరమే ఉండదు. ఆ ఏర్పాటును మేము సీడీఎన్ అంటాము. హైదరాబాదులోని చిన్న సంస్థకు అంత స్తోమత ఉండదు. పైగా తరగతి ప్రత్యక్షంగా జరిగేది కనుక ముందే నిలవ ఉంచడానికీ కుదరదు. అందుకని ఆ ట్రాఫిక్ మీ కంపెనీ వేరే పెద్ద నెట్‌వర్కుల దగ్గర కొనుక్కున్న లింకు గుండా రావాలి. ఒక్కోసారి హైదరాబాదు నుంచి బెంగళూరుకు రావలసినది ముంబయికో చెన్నైకో వెళ్లి తిరిగి వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా ఇంటికి చేరి ఫోను పట్టుకున్నప్పుడు ఆ లింకు నిండిపోతుంది. సిల్క్ బోర్డు కూడలి దగ్గర సాయంత్రం ఎవరూ పనిగట్టుకొని మీ బండిని ఆపరు, అయినా మీరు ఆగే ఉంటారు, ఇదీ అలాంటిదే.

అయితే కావాలని ఆపినా ఇంట్లో కనపడేది ఇదే. తేడా తెలియాలంటే కొలిచి చూడాలి. వైఫైని పక్కన పెట్టి, లాప్‌టాప్‌ను తీగతో నేరుగా రూటరుకు తగిలించండి, ఎందుకంటే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. ఒక వారం పాటు మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి ఆ సైటునూ, దానితో సంబంధం లేని మరో నాలుగైదు చిన్న సైట్లనూ ట్రేస్‌రూట్‌తో (డేటా ఏ దారిన, ఎంత ఆలస్యంగా వస్తుందో చూపే సాధనం) పరీక్షించి, ఫలితాలను తేదీతో సహా రాసి పెట్టుకోండి. రాత్రి పూట అన్నీ కలిసి మందగిస్తే అది రద్దీ. మీ తరగతుల సైటు ఒక్కటే మందగించి, దానిలాంటి దారిలో వచ్చే తక్కినవి బాగుంటే అప్పుడు అనుమానించవచ్చు. వీపీఎన్ (ట్రాఫిక్‌ను వేరే సర్వరు గుండా మళ్లించే ఏర్పాటు) పెట్టగానే బాగుపడింది కాబట్టి మోసం తేలిపోయిందని చాలామంది అంటారు. వీపీఎన్ పెడితే దారి కూడా మారుతుంది కనుక నేను దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోను.

విశ్రాంత_టెలికాం జవాబు:

పై జవాబు సరైనది. నేను టెలికాం శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కనుక మిగిలిన రెండు ముడుల సంగతి చెబుతాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మీరు ఈమెయిల్ పంపింది 2015 మార్చి 27న ట్రాయ్ విడుదల చేసిన చర్చాపత్రానికి. ఓటీటీ సేవలను, అంటే ఇంటర్నెట్ మీద నడిచే కాల్స్, సందేశాలు, వీడియోల యాప్‌లను, నియంత్రించాలా అని అందులో 20 ప్రశ్నలు అడిగారు. అంతకు మూడు నెలల ముందు, 2014 డిసెంబరులో, ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా వసూలు చేస్తామని ప్రకటించి, జనం మండిపడడంతో వెనక్కి తగ్గింది. ఆ తరువాత ఎయిర్‌టెల్ జీరో, ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ వచ్చాయి. కొన్ని సైట్లను ఉచితంగా ఇచ్చి, తక్కినవాటికి డబ్బు తీసుకోవడం వీటి పద్ధతి. దీన్నే జీరో రేటింగ్ అన్నారు. ఈ వాదంలో మన బెంగళూరు పాత్ర చిన్నది కాదు. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) అధ్యాపకులు ఐఐటీల వారితో కలిసి ఫ్రీ బేసిక్స్‌ను వ్యతిరేకిస్తూ ప్రకటన చేశారు. ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నందన్ నీలేకని కూడా దాన్ని తప్పుపడుతూ, పేదలకు సహాయం చేయాలంటే డేటానే నేరుగా వారికి ఇవ్వవచ్చునని రాశారు.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధన జారీ చేసింది. డేటా ద్వారా ఏ విషయం చూస్తున్నారన్నదాన్ని బట్టి వేర్వేరు ధరలు వసూలు చేయరాదన్నది దాని సారం. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఇది ధర సంగతి మాత్రమే. వేగం సంగతి తరువాత వచ్చింది: 2017 నవంబరు 28న ట్రాయ్ సిఫారసులు చేసింది, 2018లో టెలికాం శాఖ వాటిని ఆమోదించి లైసెన్సు షరతులలో చేర్చింది. ఏ విషయాన్నయినా అడ్డుకోవడం, మందగింపజేయడం, లేదా దానికి ప్రత్యేకమైన వేగం ఇవ్వడం ఆ షరతుల ప్రకారం తప్పు. నెట్‌వర్క్ నిర్వహణకు అవసరమైన చర్యలకు మినహాయింపు ఉంది కానీ, అవి అవసరానికి తగినంతగానూ, తాత్కాలికంగానూ, అందరికీ తెలిసేటట్టుగానూ ఉండాలి. సీడీఎన్‌లను ఈ నియమాల పరిధిలోకి తేవద్దని ట్రాయ్ తన సిఫారసులలోనే చెప్పింది.

ఇక మీ అబ్బాయి చూసే టీవీ. 2016 నిబంధనలో ఒక సందు ఉంది: ఇంటర్నెట్‌ను తాకకుండా పూర్తిగా కంపెనీ లోపలి నెట్‌వర్కులోనే ప్రసారమయ్యే డేటాకు ఆ నిబంధన వర్తించదు. అయితే నిబంధనను తప్పించుకోవడానికే అలాంటి ఏర్పాటు చేసుకుంటే మినహాయింపు చెల్లదు. "మా సొంత నెట్‌వర్క్" అని ఫోనులో ఆ ఉద్యోగి అన్న మాటకు ఇంత బరువు ఉందని అతనికి తెలుసో లేదో! కనుక కంపెనీని రాతపూర్వకంగా ఒకే ప్రశ్న అడగండి: ఈ టీవీ ప్రసారం మా ఇంటికి ఇంటర్నెట్ ద్వారా వస్తున్నదా, మీ అంతర్గత నెట్‌వర్క్ ద్వారా వస్తున్నదా? మొదటిదని జవాబిస్తే డేటాను లెక్కించకపోవడం 2016 నిబంధనకు ఎదురు నిలుస్తుంది. రెండోదైతే వారికి చాలా వరకు రక్షణ ఉంది.

భవనానికి ఒకటే కంపెనీ అన్న విషయం అసలు నెట్ న్యూట్రాలిటీ కిందికి రాదు. న్యూట్రాలిటీ నియమం తీగ లోపల ప్రవహించేదాన్ని చూస్తుంది కానీ, ఇంటికి ఎన్ని తీగలు రావాలో చెప్పదు. భవనాల లోపలి ఏర్పాట్లను కంపెనీలు పంచుకోవాలని ట్రాయ్ 2017 జనవరిలో విడిగా సిఫారసు చేసింది; డిజిటల్ కనెక్టివిటీని బట్టి భవనాలకు రేటింగ్ ఇచ్చే నిబంధనలు 2024లో వచ్చాయి. మీ దగ్గర దీనికి మొదటి బాధ్యత ఒప్పందం మీద సంతకం పెట్టిన అసోసియేషన్‌దే.

ఫిర్యాదు విషయం. ట్రాయ్ విడి వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు. 2012 నిబంధనల ప్రకారం ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకోవాలి, అక్కడ న్యాయం జరగకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తెరిచే ఉందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది: ట్రాయ్ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, కంపెనీకీ వినియోగదారుల సమూహానికీ మధ్య వచ్చిన వివాదాన్ని టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ విచారించవచ్చు. ఒక్కరుగా మీకు అక్కడ చోటు లేదు, 240 ఫ్లాట్ల వారు కలిసి వెళ్తే ఉంటుంది.

టవర్_లెక్కలు జవాబు:

చెన్నైలో ఒక టెలికాం కంపెనీ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను కనుక నా మాటను పక్షపాతమనుకున్నా సరే. మీరందరూ తీగ వేసినవాడిని దొంగలాగా చూస్తున్నారు. ఆ రాత్రి తొమ్మిది గంటల రద్దీలో అధిక భాగం నాలుగైదు పెద్ద వీడియో కంపెనీలదే. లింకు సామర్థ్యం పెంచే ఖర్చు మాది, లాభం వారిది. అందుకే టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ, భారీ ట్రాఫిక్ తెచ్చే సంస్థలు నెట్‌వర్క్ ఖర్చులో న్యాయమైన వాటా ఇవ్వాలని అడుగుతున్నది. 2023 జులైలో ట్రాయ్ ఓటీటీల మీద మళ్లీ చర్చాపత్రం తెచ్చినప్పుడూ ఈ సంఘం అదే అడిగింది. ఆ వాటా వస్తే మీ తరగతుల సైటు వచ్చే దారి కూడా వెడల్పవుతుంది.

ప్యాకెట్_కాపరి జవాబు:

మీరు దాచకుండా చెప్పినందుకు సంతోషం, కానీ లెక్క నాకు కుదరడం లేదు. ఆ వీడియోను అడిగింది మీ చందాదారుడు, అడగడానికి ప్రతి నెలా మీకు డబ్బు కట్టింది కూడా అతనే. అదే ప్యాకెట్‌కు రెండో వైపు నుంచి ఇంకోసారి వసూలు చేస్తామంటున్నారు. పైగా పెద్ద కంపెనీలు తమ సర్వర్లను మీ దాకా తమ ఖర్చుతో తెచ్చి పెడుతున్నాయి కదా.

దక్షిణ కొరియాను చూడండి. అక్కడ 2016 నుంచి నెట్‌వర్కుల మధ్య ట్రాఫిక్ పంపినవాడే చెల్లించే పద్ధతి అమలులోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ప్రత్యక్ష వీడియో ప్రసారాల సైటు ట్విచ్ ఆ దేశంలో తన వ్యాపారాన్నే మూసేసింది; అక్కడి నెట్‌వర్క్ రుసుములు తక్కిన చాలా దేశాలలోకంటే పది రెట్లని కారణం చెప్పింది. కొరియా వినియోగదారుడికి దారి వెడల్పు కాలేదు, ఒక దుకాణం తగ్గింది. ఇక్కడ వాటా వసూలు మొదలైతే, వాటా కట్టినవాడి ట్రాఫిక్‌ను మీరు ముందు చూసుకోరని నమ్మడం నా వల్ల కాదు.

కంభం_అమ్మాయి జవాబు:

విషయం పక్కకు పోతున్నదని తెలుసు, అయినా ఒక మాట. 2015లో మా ఊళ్లో నెట్ అంటే పది రూపాయల రీఛార్జి. ఫ్రీ బేసిక్స్ వద్దని సంతకాలు పెట్టినవారిలో చాలామందికి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది. నియమం మంచిదే, కాదనను. కానీ మా ఊరికి నెట్‌ను తెచ్చింది ఆ నియమం కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పడిపోయిన ధరలు. ఆ తరువాత ఆంధ్రాలో 149 రూపాయలకు ఫైబర్‌నెట్ వచ్చింది. అమెరికాలో నెట్ న్యూట్రాలిటీ నియమాన్ని 2015లో పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్లీ పెడితే 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. అక్కడి వాదాన్ని ఇక్కడికి తెచ్చుకునే ముందు రెండో తీగ వచ్చే మార్గం చూసుకోండి. మహదేవపుర గారి ఇంట్లో లేనిది కూడా అదే.

మహదేవపుర_240 జవాబు:

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే చెప్పినట్టే కొలిచాను. తీగతో తగిలించినా రాత్రి తొమ్మిదింటికి తరగతుల సైటు మందగించింది. దానితోపాటు మా ఊరి పత్రిక సైటు, ఒక ప్రభుత్వ పోర్టలు, నా స్నేహితుని దుకాణం సైటు కూడా అంతే మందగించాయి. మధ్యాహ్నం మాత్రం ఆ నాలుగు సైట్లూ బాగున్నాయి. అంటే ప్యాకెట్_కాపరి గారు అన్నట్టు అది రద్దీయే. కావాలని ఆపారని నేను ఇంట్లో చేసిన ఆరోపణను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మా ఆవిడ మాత్రం, ఆపినా ఆగిపోయినా పద్యం సగంలోనే పోయింది కదా అంటున్నది.

టీవీ ప్రసారం గురించి విశ్రాంత_టెలికాం గారు చెప్పిన ప్రశ్నను అదే మాటలతో ఈమెయిల్‌లో పంపాను. డాకెట్ నంబరు వచ్చింది, జవాబు రాలేదు. కంభం_అమ్మాయి గారి మాట గుచ్చుకున్నది కానీ నిజం. ఒప్పందం ప్రతిని అసోసియేషన్ కార్యదర్శిని అడిగి చదివాను. ఇంకో పదకొండు నెలల గడువు ఉంది; గడువుకు తొంభై రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే దానంతట అదే మరో మూడేళ్లకు పొడిగించబడుతుందని చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఉంది. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఈ అంశాన్ని చేర్చమని ఇప్పటిదాకా 31 ఫ్లాట్ల వారు సంతకం చేశారు. ఇలాంటి ఒప్పందం నుంచి బయటపడి రెండో కంపెనీని తెచ్చుకున్న అసోసియేషన్ బెంగళూరులో ఏదైనా మీకు తెలిస్తే, నోటీసు ఎలా రాశారో దయచేసి ఇక్కడ తెలియజేయండి.