సమస్య: "బడిని కూల్చినవాఁడె పో బడిని నిలిపె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పద్యంలో చివరి పాదం; ముందు మూడు పాదాలు రాసి పూరించడం మీ వంతు. బెంగళూరులో స్థిరపడిన మనలో చాలామందికి హిందూపురం, మడకశిర, మదనపల్లె, కుప్పం వైపు ఊళ్లున్నాయి. అటువంటి ఒక ఊళ్లో రాతి గోడల పాత బడిని పడగొట్టాలా, నిలుపుకోవాలా అని మొన్న మల్లేశ్వరంలో కలిసినప్పుడు గట్టి వాదమే జరిగింది. ఈ పాదం అక్కడ పుట్టినదే. కూల్చడం, నిలపడం ఒకే మనిషి చేతిలో ఎలా పొసగుతాయో చెప్పండి. పురాణాల వైపు వెళ్లకుండా ఊరి బడిలోనే పూరణ సాగితే సంతోషిస్తాను.

పూరణ 1 – యశవంతపురం సభ్యులు

దూలములు పుచ్చె, కప్పెల్ల తూట్లు పడియె,
పిల్లవాండ్రకు ముప్పని భీతి నొంది
క్రొత్త గదులను కట్టించి కూర్మి తోడ
బడిని కూల్చినవాఁడె పో బడిని నిలిపె.

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివాక పాత గోడల అందం గురించి మాట్లాడటానికి నాకు నోరు రావడం లేదు. బడి అంటే పిల్లలే.

నిర్వాహకుడు:
యతులు దూ-తూ, పి-భీ, క్రొ-కూ చక్కగా కుదిరాయి. "కూర్మి తోడ" పాదం నింపడానికి వచ్చిన మాట, అయినా బరువనిపించలేదు. నాకు బాగా నచ్చినది "కట్టించి" అన్న క్త్వార్థకం, అంటే ముందు ముగిసిన పనిని చెప్పే క్రియారూపం. కట్టించి, ఆ తరువాత కూల్చాడు. మన ఊళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ముందు జేసీబీ వస్తుంది. బిల్లు ఎప్పుడు మంజూరవుతుందో, పునాది ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అంతవరకు ఒక తరగతి గుడి అరుగు మీద, ఇంకొకటి చెట్టు కింద. వాన వస్తే సెలవు. 2009 విద్యాహక్కు చట్టం ఏ కాలానికైనా తట్టుకునే భవనం ఉండాలనీ, ఉపాధ్యాయుడికి ఒక గది చొప్పున ఉండాలనీ చెబుతుంది. కూల్చిన మరునాటి నుండి కొత్త గది తలుపు తెరిచే వరకు ఆ పిల్లలకు ఆ హక్కు లేనట్టే కదా! మీ పద్యంలోని వరుస పాటిస్తే కూల్చడానికి నాకూ అభ్యంతరం లేదు.

పూరణ 2 – జయనగరం సభ్యురాలు

తలుపు, గడపలు, ఱాళ్ళను తరలనీక
పెద్ద గది గోడలందున పేర్చి వాని
దాత పేరున్న శిల నెత్తి దాఁచిపెట్టి
బడిని కూల్చినవాఁడె పో బడిని నిలిపె.

నిర్వాహకుడు:
అమ్మా, భావం చాలా బాగుంది. పాత రాయి కొత్త గోడలో చేరడం ఊరికి గౌరవం. కానీ మొదటి పూరణను నిలబెట్టిన క్త్వార్థకమే ఇక్కడ అడ్డం తిరిగింది. "పేర్చి కూల్చిన" అంటే కూల్చకముందే ఆ రాళ్లు కొత్త గోడలోకి ఎక్కాయన్న అర్థం వస్తుంది. రెండో పాదాన్ని "పెద్ద గది గోడలందున పేర్చ నెంచి" అని మారిస్తే గణాలు, యతి చెదరవు. వరుస కూడా సరిపోతుంది. దాత శిలను ముందే ఎత్తి దాచడం మాత్రం అచ్చంగా అలాగే జరగాలి.

జయనగరం సభ్యురాలు:
సవరణకు ధన్యవాదాలండి, "పేర్చ నెంచి" అనే ఉంచుతాను. ఆ శిల మాట ఊహించి రాసినది కాదు. మా ఊళ్లో బడి పడగొట్టినప్పుడు దాత పేరు చెక్కిన బండ ఎవరికీ పట్టలేదు. ఇప్పుడది చేతిపంపు దగ్గర బట్టలుతికే రాయి. పేరులో మొదటి రెండక్షరాలు సబ్బు నురుగు కింద ఇంకా కనబడతాయి, మిగిలినవి అరిగిపోయాయి. ఆయన మనవలు ఆ దారినే నీళ్లకు వస్తారు.

పూరణ 3 – రాజాజీనగరం సభ్యులు

స్థలము పైఁ గన్ను వేసిన సాహుకార్లు
కొట్లు గట్టింపఁ జూడఁగఁ గూడదనుచు
వాద మొనరించి కోర్టున వారి పెట్టు-
బడిని కూల్చినవాఁడె పో బడిని నిలిపె.

నిర్వాహకుడు:
భేష్! సమస్యను ముందు పాదంలోకి విరిచి "పెట్టుబడి" చేయడం అవధానుల దారి. పెట్టుబడిని కూల్చడం అన్న పలుకుబడి కాస్త బిగుసుకుంది కానీ విరుపులోని చమత్కారం దాన్ని మోసింది. ఊరి నడుమ, రోడ్డు పక్కన ఉన్న బడి స్థలానికి ఈ ప్రమాదం నిజమైనదే. భవనం శిథిలమైందన్న మాట గోడను పరీక్షించినవారి నోట కాక, స్థలం కావలసినవారి నోట మొదట వినబడితే ఊరు మేలుకోవాలి.

బసవనగుడి సభ్యులు:
"కోర్టున" అన్న మాట తేటగీతిలో నా చెవికి గుచ్చుకుంటోంది.

నిర్వాహకుడు:
ఊరి జనం నోట ఉన్న మాటే కదండీ, ఉండనివ్వండి. పైగా ఈ నగరంలో ఆ మాటకు చోటుంది. 1868లో పూర్తయిన అఠారా కచేరిని 1980లలో పడగొట్టాలన్నప్పుడు జనం కోర్టుకే వెళ్లారు. హైకోర్టు కొలువున్నది ఆ ఎర్రటి కట్టడంలోనే. కబ్బన్ పార్కు పక్కన అది ఈనాటికీ నిలిచి ఉంది.

పూరణ 4 – విజయనగర సభ్యురాలు

రాతి గోడకు గాలియే రాకయుండ
చెమ్మ లోపల బంధించి చేటు తెచ్చు
పైన పూసిన సీమెంటు పాడు కట్టు-
బడిని కూల్చినవాఁడె పో బడిని నిలిపె.

నేను సివిల్ ఇంజనీరును. గానుగ సున్నంతో కట్టిన గోడ పీల్చిన తేమను మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని సున్నం పొడిగా రాలుతుంది. గోడ ఉబ్బగానే "పాతదైపోయింది" అంటారు. ఆ పూత చెక్కేసి, మళ్లీ సున్నమే పూసి ఆరనిస్తే చాలా గోడలు తేరుకుంటాయి.

యశవంతపురం సభ్యులు:
అమ్మా, మీ పద్యానికి నమస్కారం. కానీ ఆ కప్పు కింద పిల్లలను కూర్చోబెట్టవచ్చని హామీ ఇవ్వగలరా?

విజయనగర సభ్యురాలు:
చూడకుండా ఇవ్వలేనండి. దూలం గోడలోకి దిగిన చోట ముందు పుచ్చుతుంది, అది కింద నుండి కనబడదు. అక్కడ ఉలితో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే ఆ రోజే గది ఖాళీ చేయించి దూలం మార్చాలి. పునాది కుంగి గోడ ఒరుగుతుంటే మీ పద్యమే సరైనది, నేనే ముందు సంతకం పెడతాను. ఉలి పట్టకుండానే కూల్చివేతకు తీర్మానం చేయడం దగ్గరే నాకు కడుపు మండుతుంది.

నిర్వాహకుడు:
పద్యంగా నాలుగోదానికే నా మొదటి ఓటు. విరుపు సహజంగా ఉంది, "కట్టుబడి" "కూల్చు"తో హాయిగా కలిసింది. పై-పా యతి చెల్లుతుంది. గ్రామసభకు వెళ్లేవారు మాత్రం మొదటి పూరణ మూడో పాదాన్ని, ఈ ఉలి మాటను కలిపి తీసుకెళ్లండి.

గడువు ఆదివారం రాత్రి వరకు. "పెట్టు", "కట్టు" అయిపోయాయి. "రాబడి"ని విరవాలని చూడకండి, తేటగీతి పాదం చివర "రా" వంటి గురువు నిలవదు. "దిగుబడి" ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. మూడు లఘువుల న గణంలో చివరి రెండు లఘువులుగా "దిగు" ఇముడుతుంది.