నిక్సన్‌కు ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టడం న్యాయమేనా?

పాతపేపర్:
1974 ఆగస్టులో నేను తొమ్మిదో తరగతి. మా వీధిలో రేడియో ఉన్న రెండు ఇళ్ళలో మాదొకటి. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా వార్త వినగానే మా నాన్నగారు "దిగిపోయాడ్రా, మన బంగాళాఖాతంలోకి యుద్ధనౌక పంపినవాడు దిగిపోయాడు" అని వీధంతా వినబడేలా అరిచారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో ఎంటర్‌ప్రైజ్ నౌకను మన మీదికి పంపిన కోపం ఆయనకు అప్పటికీ చల్లారలేదు. నెల తిరిగిందో లేదో, సెప్టెంబరు 8న, కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ నిక్సన్‌కు క్షమాభిక్ష పెట్టేశాడు. ఆ వార్త విన్న రోజు నాన్నగారు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు.

కుర్రాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. 1972 జూన్ 17 తెల్లవారకముందే వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, నిక్సన్‌కు ఎదురు పార్టీ అయిన డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో ఐదుగురు దొరికారు. మాటలు దొంగచాటుగా వినే పరికరాలు, కెమెరాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. అందులో ఒకడు నిక్సన్ ఎన్నికల కమిటీలో సెక్యూరిటీ చూసే జేమ్స్ మెకార్డ్. ఆరు రోజులకు, జూన్ 23న, ఈ దర్యాప్తు ఆపమని సీఐఏ చేత ఎఫ్‌బీఐకి చెప్పించే ఏర్పాటుకు నిక్సన్ సరేనన్నాడు. ఆ మాటలు ఆయన తన ఆఫీసులో తానే పెట్టించుకున్న టేపులో పడ్డాయి. ఆ నవంబరు ఎన్నికల్లోనే 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. రెండేళ్ళు అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ నెట్టుకొచ్చాడు. 1974 జూలై 24న సుప్రీంకోర్టు 8-0తో టేపులు ఇచ్చి తీరాలంది. ఆగస్టు 5న ఆ టేపు బయటికొచ్చింది, 9న ఆయన ఇంటికెళ్ళాడు.

నా ప్రశ్న ఇది. కేసు పెట్టకముందే, చేసిన నేరాలే కాకుండా "చేసి ఉండవచ్చు" అనే నేరాలు కూడా కలిపి, ఐదున్నరేళ్ళ పదవీకాలం మొత్తాన్నీ ఒక్క సంతకంతో తుడిచేయడం న్యాయమేనా? నా లెక్కలో ముమ్మాటికీ కాదు. మీరేమంటారు?

సముద్రపుగాలి:
పాతపేపర్ గారూ, మీ నాన్నగారి బాధ నాకు అర్థమైంది. అయినా నేను ఫోర్డ్ పక్షమే. ఆయన కుర్చీలో కూర్చునేసరికి దేశం ఎలా ఉందో చూడండి. ధరలు రెండంకెల శాతంతో పెరుగుతున్నాయి. వియత్నాం ఇంకా ముగియలేదు. ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ లంచాల గొడవలో అప్పటికే రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఫోర్డ్ సొంత టైములో నాలుగో వంతు నిక్సన్ గొడవలకే పోతోందని ఆయనే చెప్పుకున్నాడు. నిక్సన్‌ను బోనెక్కించాలంటే, వాటర్‌గేట్ గురించి వినని జ్యూరీ దొరకాలి. ఎక్కడ దొరుకుతుంది? రెండేళ్ళుగా టీవీలో అదే కదా. విచారణ మొదలవడానికే ఏడాదో, అంతకన్నా ఎక్కువో పడుతుందని క్షమాభిక్ష పత్రంలోనే ఉంది. ఆ తర్వాత విచారణ, అప్పీళ్ళు. 1976 ఎన్నికలు కూడా ఆ బోను చుట్టూనే తిరిగేవి.

దీనికి ఫోర్డ్ మూల్యం కూడా చెల్లించాడు. గాలప్ సర్వేలో ఆయనకున్న 71 శాతం మద్దతు ఒక్కసారిగా 50కి జారిపోయింది. ప్రెస్ సెక్రటరీ టెర్‌హోర్స్ట్ నిరసనగా రాజీనామా చేశాడు. 1976లో కార్టర్ చేతిలో కొద్దిలో ఓడిపోయాడు. తనకు నష్టమని తెలిసీ చేసినవాడిని స్వార్థపరుడు అనలేం. అప్పట్లో తిట్టిపోసిన సెనేటర్ టెడ్ కెనడీ 2001లో ఫోర్డ్‌కు ధైర్యానికి అవార్డు ఇస్తూ, ఆ రోజు పొరపాటు తనదేనని ఒప్పుకున్నాడు.

వరంగల్_లా:
నేను లా మూడో సంవత్సరం. సముద్రపుగాలి సార్ చెప్పినదానికి ఒక పాయింట్ కలుపుతాను. 1915లో బర్డిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, క్షమాభిక్షలో నేరం చేశాడన్న అర్థం ఇమిడే ఉంటుంది, దాన్ని పుచ్చుకోవడమంటే ఒప్పుకోవడమే అంది. ఫోర్డ్ ఆ తీర్పులోని వాక్యాలున్న కాగితం ముక్కను తర్వాత చాలాకాలం పర్సులో పెట్టుకుని తిరిగేవాడు. ఎవరైనా అడిగితే తీసి చూపించేవాడు. అంటే ఆయన దృష్టిలో నిక్సన్ తప్పు ఒప్పుకున్నట్టే.

పాతపేపర్:
ఒప్పుకున్నట్టే అన్నది ఫోర్డ్ పర్సులో ఉంది బాబూ, నిక్సన్ నోట్లో లేదు. క్షమాభిక్ష పుచ్చుకున్న రోజు నిక్సన్ ఇచ్చిన ప్రకటన చదువు. వాటర్‌గేట్ విషయంలో ఇంకా గట్టిగా, ఇంకా సూటిగా వ్యవహరించకపోవడం తన తప్పు అన్నాడు. అంతే. దర్యాప్తును అడ్డుకున్నాననే మాట అందులో వెతికినా కనబడదు. మూడేళ్ళ తర్వాత, 1977లో, టీవీ ఇంటర్వ్యూలో డేవిడ్ ఫ్రాస్ట్ అడిగితే, అధ్యక్షుడు చేశాడంటే అది చట్టవిరుద్ధం కాదన్నట్టు మాట్లాడాడు. తప్పు ఒప్పుకున్న మనిషి అలా అంటాడా?

ఇంకో మనిషి సంగతి చెప్పనివ్వండి. ఆ రాత్రి వాటర్‌గేట్‌లో కాపలా డ్యూటీలో ఉన్న ఫ్రాంక్ విల్స్, 24 ఏళ్ళ నల్లజాతి కుర్రాడు, జీతం వారానికి 80 డాలర్లు. రౌండ్ కొడుతుంటే కింద ఒక తలుపు గొళ్ళెం మీద టేపు అంటించి ఉంది, తాళం పడకుండా. పనివాళ్ళెవరో అంటించి మర్చిపోయారనుకుని పీకేశాడు. కాసేపటికి మళ్ళీ అటు వస్తే అదే తలుపుకు మళ్ళీ టేపు. అప్పుడు పోలీసులకు ఫోన్ చేశాడు. మొదటిసారే చూసీ చూడనట్టు పోయుంటే? రెండోసారి "నాకెందుకులే" అనుకుని ఉంటే? మనలో ఎంతమందిమి ఆ ఫోన్ చేస్తాం?

ఆ తర్వాత ఆయనకు సరైన ఉద్యోగం నిలవలేదు. 1983లో జార్జియా రాష్ట్రంలో, షాపులో 12 డాలర్ల బూట్ల జత దొంగిలించాడని ఏడాది జైలు శిక్ష వేశారు. 2000లో పేదరికంలోనే పోయాడు. దేశాన్ని రెండేళ్ళు మోసం చేసిన మనిషికి కేసే లేదు, ఆ మోసాన్ని బయటపెట్టిన మనిషికి బూట్ల జతకు ఏడాది. నా బాధంతా ఇక్కడే ఉంది. క్షమ అనేది మంచిదే. అది పైవాళ్ళకే ఎందుకు అందుతుంది?

సముద్రపుగాలి:
విల్స్ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక మాట. జార్జియా జడ్జి వేసిన శిక్షకీ ఫోర్డ్ సంతకానికీ సంబంధం లేదు. ఒకరికి జరిగిన అన్యాయాన్ని ఇంకొకరిని జైల్లో పెట్టి సరిచేయలేం. పైగా నిక్సన్ మనుషులు తప్పించుకోలేదు. హాల్డెమన్, ఎర్లిక్‌మన్ ఏడాదిన్నర చొప్పున జైల్లో ఉన్నారు. దేశానికి అటార్నీ జనరల్‌గా చేసిన మిచెల్ 19 నెలలు ఉన్నాడు. నిక్సన్ కూడా చరిత్రలో అభిశంసన భయంతో పారిపోయిన అధ్యక్షుడిగానే మిగిలాడు.

పాతపేపర్:
మీరు చెప్పిన ముగ్గురూ ఎవరి కోసం చేశారండీ? చేయించినవాడు సముద్రం ఒడ్డున ఇంట్లో ఉంటే చేసినవాళ్ళు జైల్లో ఉన్నారు. కేసు పెట్టాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ నిక్సన్‌ను కుట్రలో భాగస్వామిగా పేరు పెట్టి మరీ రాసింది.

ఆరెంజ్‌కౌంటీ_అమ్మ:
నేను దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటాను. మా ఇంటి నుంచి యోర్బా లిండా దగ్గరే, నిక్సన్ లైబ్రరీ అక్కడ ఉంది. ఆయన పుట్టిన చిన్న చెక్క ఇల్లు, సమాధి అదే ఆవరణలో ఉంటాయి. మా పెద్దవాడి స్కూల్ ప్రాజెక్టు కోసం వెళ్ళాం. జూన్ 23 టేపు అక్కడే విన్నాను. వినేముందు ఏదో భయంకరంగా ఉంటుందనుకున్నాను. గొంతులో ఆవేశం లేదు, టెన్షన్ లేదు. కాఫీ తాగుతూ ఆఫీసు పని ఎవరికి అప్పజెప్పాలో చూసుకుంటున్నట్టుంది. నాకు ఒళ్ళు జలదరించింది అందుకే. మావాడు "అమ్మా, ఇంతేనా?" అన్నాడు. అవును నాన్నా, ఇంతే అన్నాను.

నేను ఇక్కడ రాయడానికి కారణం వేరే ఉంది. ఈ చర్చలో అందరూ క్షమాభిక్ష గురించే మాట్లాడుతున్నారు. అదే సెప్టెంబరు 8న ఇంకో ఒప్పందం కూడా ప్రకటించారు. ప్రభుత్వం తరఫున ఆర్థర్ శాంప్సన్ అనే అధికారికీ నిక్సన్‌కూ మధ్య. దాని ప్రకారం టేపులు నిక్సన్ సొత్తు. ఆయన చనిపోతే, లేదా 1984 సెప్టెంబరు 1 వస్తే, ఏది ముందైతే అప్పుడు, వాటిని నాశనం చేయాలి. దొంగ చేతికి తాళాలివ్వడం అంటారే, అది ఇదే. శిక్ష లేకపోవడం ఒక ఎత్తు, సాక్ష్యం కూడా లేకుండా పోవడం ఇంకో ఎత్తు. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మేలుకుని డిసెంబరులో చట్టం చేసి టేపులను ప్రభుత్వం కిందికి తెచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ చట్టం చెల్లదని నిక్సన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1977లో ఓడిపోయాడు. దాదాపు 3,700 గంటల టేపులు మిగిలాయి. ఆ చట్టం రాకపోతే మా అబ్బాయి చెవిన ఆ గొంతు పడేది కాదు.

క్షమించండి, అది మనిషి గుణం. టేపులు మాత్రం ముందు మా దగ్గర పెట్టండి అనాలి కదా ఫోర్డ్?

కొత్తగా_చేరా:
నాకో డౌటు. క్షమిస్తానంటేనే రాజీనామా చేస్తానని ముందే బేరం కుదిరిందా?

పాతపేపర్:
బేరం కుదిరిందనడానికి రుజువు లేదమ్మా. అనుమానానికి కారణం మాత్రం ఉంది. ఆగస్టు 1న నిక్సన్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ హేగ్ వచ్చి ఉపాధ్యక్షుడు ఫోర్డ్‌తో మాట్లాడాడు. ముందున్న దారుల జాబితాలో క్షమాభిక్ష కూడా ఉంది. అక్టోబరులో ఫోర్డ్ కాంగ్రెస్ ఉపసంఘం ముందుకు స్వయంగా వెళ్ళి, బేరమేమీ లేదని చెప్పాడు. పదవిలో ఉన్న అధ్యక్షుడు అలా వెళ్ళి జవాబు చెప్పడం చిన్న విషయం కాదు. ఈ ఒక్క విషయంలో ఫోర్డ్‌కు దండం పెడతాను.

వరంగల్_లా:
అమ్మగారి పోస్టు చదివాక నా అభిప్రాయం మారింది, ఒప్పుకుంటున్నాను. నిన్న రాత్రి ఆగ్న్యూ కేసు తిరగేశాను. 1973 అక్టోబరు 10న ఆయన పన్ను ఎగవేత అభియోగాన్ని కాదనలేదు. పది వేల డాలర్ల జరిమానా, మూడేళ్ళ ప్రొబేషన్, జైలు లేదు. అదీ ఒకరకం క్షమే. అయితే ప్రాసిక్యూటర్లు ఆయన మీద తాము సేకరించినదంతా, 40 పేజీలు, కోర్టు రికార్డులో పెట్టించారు. తర్వాత ఆయన ఎంత కాదన్నా ఆ 40 పేజీలు అక్కడే ఉన్నాయి. నిక్సన్ విషయంలో అలాంటి 40 పేజీలు ఆయన సంతకంతో ఎందుకు లేవు? జైలుకు పంపొద్దనుకుంటే పంపొద్దు. "నేను చేసింది ఇది" అని రాయించి, ఆ తర్వాత క్షమించి ఉంటే సముద్రపుగాలి సార్ అడిగే శాంతీ వచ్చేది, పాతపేపర్ సార్ అడిగే నిజమూ మిగిలేది.

ఇది పాత గొడవ అనుకోకండి. 2024 జూలై 1న ట్రంప్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో, అధికారిక చర్యలకు మాజీ అధ్యక్షుడి మీద క్రిమినల్ కేసు నుంచి చాలా మేరకు రక్షణ ఉందని చెప్పింది. విభేదించిన జస్టిస్ సోటోమేయర్ ఫోర్డ్ క్షమాభిక్షనే ఎత్తి చూపింది. అధ్యక్షుడి మీద కేసు పెట్టడం కుదరదనుకుంటే క్షమాభిక్ష అవసరమేముంది, నిక్సన్ దాన్ని పుచ్చుకోవడమెందుకు అన్నది ఆ వాదన. ఆనాడు విచారణ జరిగి కోర్టు ఒక మాట తేల్చేసి ఉంటే, 50 ఏళ్ళ తర్వాత ఈ ప్రశ్న ఖాళీగా మిగిలి ఉండేది కాదు.

సముద్రపుగాలి:
బాబూ, ఆ 40 పేజీల సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. క్షమించడం తప్పని ఇప్పటికీ అనను. ఫోర్డ్ తొందరపడ్డాడని మాత్రం ఒప్పుకుంటాను. నిక్సన్ దిగిపోయి నెల కాలేదు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళొచ్చి టీవీలో చదివేశాడు. ఒక్క కాగితం రాయించుకోవడానికి ఎంత టైము పట్టేది?

అయినా పాతపేపర్ గారూ, ఒకటి అడగనా? మనకూ 1975 జూన్ ఉంది. అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్న రెండు వారాల్లో ఎమర్జెన్సీ వచ్చింది. నిక్సన్ ఎంత చెడ్డవాడైనా సుప్రీంకోర్టు ఇవ్వమంటే టేపులు ఇచ్చాడు. తన టేపులే తన మెడకు ఉరి అని తెలిసీ ఇచ్చాడు. ఆ ఒక్కదానికైనా ఆయనకు కాస్త మినహాయింపు ఇవ్వరా?

పాతపేపర్:
ఇవ్వను. ఆ మార్కులు తీర్పు ఇచ్చిన ఎనిమిది మంది జడ్జీలకు ఇస్తాను, అందులో ముగ్గురు నిక్సన్ వేసినవాళ్ళే. తమ పార్టీ అధ్యక్షుడి అభిశంసనకు ఓటేసిన, కాంగ్రెస్‌లోని హౌస్ జుడీషియరీ కమిటీ రిపబ్లికన్లకు ఇస్తాను. వాటర్‌గేట్ కేసు చూసే ప్రాసిక్యూటర్ కాక్స్‌ను తీసేయమని నిక్సన్ అంటే తీసేయనని రాజీనామా చేసిన అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్‌కు ఇస్తాను. రెండోసారి టేపు చూసి ఫోన్ తీసిన విల్స్‌కు అందరికన్నా ఎక్కువ ఇస్తాను.

మా నాన్నగారు పోయి పదకొండేళ్ళయింది. ఆ 40 పేజీల మాట ఆయన బతికుండగా నాకు తెలిసుంటే బాగుండేది. లా చదివే బాబూ, ఆ కోర్టు రికార్డు ఎక్కడ దొరుకుతుందో చెప్పు, ప్రింటు తీయించుకుంటాను.