అమ్మమ్మ తోయడానికి తక్కువ ఖర్చులో ఎలాంటి స్ట్రోలర్ తీసుకోవాలి?

ప్రశ్న:

మా బాబుకు 7 నెలలు నిండాయి. ఆసరా లేకుండా కూర్చుంటున్నాడు, బరువు 8 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటాడు. వచ్చే నెలలో నేను మళ్ళీ ఉద్యోగంలో చేరుతున్నందువల్ల పగటిపూట వాడిని మా అమ్మగారే చూసుకుంటారు. రోజూ సాయంత్రం వాడిని కాసేపు బయట తిప్పాలని ఆమె ఉబలాటపడుతున్నారు. ఆమెకు 66 ఏళ్ళు, ఎత్తు ఐదడుగుల లోపే. కుడి మోకాలిలో నొప్పి ఉంది, చేతివేళ్ళ కీళ్ళు అప్పుడప్పుడూ బిగుసుకుపోతాయి. మా ఇంట్లో ఉన్న స్ట్రోలర్ 13 కిలోల బరువు. దాన్ని మడవాలంటే నాకే రెండు చేతులూ చాలవు. అందుకని ఆమె ఇంట్లో ఉంచడానికి విడిగా ఒకటి కొనాలనుకుంటున్నాము, కానీ ఇది రెండో బండి కాబట్టి ఎక్కువ ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు. అన్నిటికంటే తేలికైనది చూసి తీసుకుంటే సరిపోతుందా, లేక చూడవలసినవి ఇంకేమైనా ఉన్నాయా?

మొదటి సమాధానం:

మీరు రాసిన వివరాలలో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనవి ఆ మోకాలూ, ఆ వేళ్ళూను. బిడ్డ విషయంలో మీకు ఇప్పటికే ఒక వెసులుబాటు దొరికింది. పుట్టిన కొత్తలో పిల్లలకు దాదాపు బల్లపరుపుగా వాలే సీటు అవసరం, అలాంటి బండ్లు బరువుగానూ ఖరీదుగానూ ఉంటాయి. తనంతట తాను కూర్చునే బిడ్డకు గొడుగులా మడతపడే తేలికరకం బండి చాలు, అది సాధారణంగా 5 నుంచి 7 కిలోల మధ్య ఉంటుంది. అయితే సీటు కొంతైనా వెనక్కి వాలేలా చూసుకోండి. నిటారుగా ఉండే సీటులో బిడ్డ నిద్రపోతే తల ముందుకు వాలిపోతుంది.

ఈ సందర్భంలో ఒక ముచ్చట చెప్పాలి. ఆ గొడుగు మడత బండిని రూపొందించినది కూడా ఒక తాతగారే. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు చక్రాల అమరికపై పనిచేసిన బ్రిటిష్ ఇంజినీరు ఓవెన్ మెక్లారెన్, తన మనవసంతానాన్ని తిప్పే బండి ఎంత బరువుగా, ఎంత ఇబ్బందిగా ఉందో చూసి, 1965లో అల్యూమినియం గొట్టాలతో తేలికైన బండిని తయారుచేశారు.

ఇక మడత సంగతి. తేలికరకాలలో చాలావాటికి అడుగున ఒక మీటను కాలితో తన్నితేనే మడత పడుతుంది, అంటే ఆ క్షణంలో మీ అమ్మగారు ఒంటికాలిపై నిలబడాలి. చేత్తో మడిచే రకాలలో మోకాలికి శ్రమ ఉండదు గానీ, చాలావాటికి హ్యాండిల్ దగ్గరి బటన్ నొక్కిపట్టి మెలితిప్పాలి, అది వేళ్ళకు కష్టం. ఈ రెండింటిలో ఆమెకు ఏది తక్కువ బాధ అన్నది మీరూ నేనూ ఊహించి చెప్పగలిగేది కాదు. ఆమెను వెంట తీసుకువెళ్ళి, దుకాణంలోనే ఆమె చేత మడిపించి, విప్పించి, ఎత్తించి చూడండి.

రెండో సమాధానం:

నేను మూడేళ్ళుగా మనవరాలిని చూసుకుంటున్న అమ్మమ్మను, కాబట్టి తోసేవారి వైపు నుంచి చెబుతాను. మా అమ్మాయి నాకోసం ఎంచి ఎంచి అన్నిటికంటే తేలికైన బండిని తెచ్చింది. తేలికదనం మంచిదే, కానీ దానికి విడివిడిగా రెండు పిడులు ఉన్నందువల్ల ఒంటిచేత్తో తోస్తే పక్కకు లాగేది. ఒకరోజు ఆ పిడులకు సంచీ తగిలించి, పాపను దించానో లేదో, బండి వెనక్కి తిరగబడింది. పాప అందులో లేదు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఏ సామానైనా సీటు కింది బుట్టలోనే పెడుతున్నాను. మీరు పిడికి పిడికి కలిపే అడ్డకడ్డీ ఉన్న రకాన్ని చూడండి.

ఎవరూ పట్టించుకోని విషయం బ్రేకు. నా బండికి బ్రేకు వేయడం సులువే, తీయాలంటే మాత్రం మీటను కాలి బొటనవేలితో పైకి లేపాలి. చెప్పులతో ఉన్నప్పుడు గోరు నొప్పెట్టి, కొన్నాళ్ళకు నేను బ్రేకు వేయడమే మానేశాను. అది ఎంత ప్రమాదమో ఒక వాలు దారిలో తెలిసివచ్చింది. నొక్కితే పడి, మళ్ళీ నొక్కితే వదిలేసే మీట ఉండాలి, ఒక్క మీటతోనే వెనకచక్రాలు రెండూ బిగుసుకోవాలి.

బెల్టు విషయంలోనూ ఇదే తంతు. భుజాలు, నడుము, కాళ్ళ మధ్య పట్టీలన్నీ కలిసే అయిదు పట్టీల బెల్టు ఉండటం అవసరం. కానీ బిడ్డ విప్పుకోకుండా బకిల్‌ను కావాలనే గట్టిగా చేస్తారు. మీ అమ్మగారి బొటనవేలికి అది లొంగుతుందో లేదో చూడండి, లొంగకపోతే నాలుగు రోజులకే భుజాల పట్టీలు వేయడం మానేస్తారు.

మరొక మాట, మోకాలి నొప్పి ఉన్నవారు తెలియకుండానే బండి మీద భారం మోపుతారు. స్ట్రోలర్ చేతికర్ర కాదు, కాలు తూలినప్పుడు చక్రాలు ముందుకు పారిపోతాయి.

మూడో సమాధానం:

ఖర్చు తగ్గించాలంటే వాడిన బండి తీసుకోవడం తప్పేమీ కాదు, నేను మా ఇద్దరు పిల్లలకూ అలాగే గడిపాను. సీటు గుడ్డ మాసిపోయినా ఉతికితే పోతుంది, చూడవలసింది ఇనుమునూ కీళ్ళనూ. బండిలో పిల్లవాడికి బదులు 10 కిలోల బరువైన పుస్తకాలు పెట్టి, వాలుగా ఉన్న చోట బ్రేకు వేసి కాసేపు వదిలి చూడండి. విప్పినప్పుడు తాళం టక్కున పడాలి, అదికాక మడత దానంతటదే పడకుండా ఆపే రెండో తాళం కూడా ఉండాలి. పట్టీల కుట్లు ఊడాయేమో తడిమి చూడండి. మడత కీళ్ళ దగ్గర వేలు దూరే సందు ఉంటే మాత్రం వద్దు. పిల్లల వేళ్ళు తెగిన కారణంగా 2009లో అమెరికాలో దాదాపు 10 లక్షల బండ్లకు కీళ్ళ తొడుగులు పంచవలసివచ్చింది. కాబట్టి మోడల్ పేరుతో ఇంటర్నెట్‌లో వెతికి, కంపెనీ వెనక్కి పిలిచిన వాటిలో అది ఉందేమో చూసుకోండి. ఫ్రేముపై ఈఎన్ 1888 అనే ఐరోపా ప్రమాణం గుర్తు గానీ, ఏఎస్‌టీఎమ్ ఎఫ్833 అనే అమెరికా ప్రమాణం గుర్తు గానీ ఉంటే కొంత నిశ్చింతగా ఉండవచ్చు.

గాలి నింపే టైర్లు గతుకుల్లో హాయిగా పోతాయి, కానీ పంక్చర్ పడితే ఆ పని మీ అమ్మగారి మెడకు చుట్టుకుంటుంది. గాలి అక్కరలేని రకమే తీసుకోండి. గ్లాసు పెట్టుకునే స్టాండు వంటి హంగులకు డబ్బు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. నేను మనసులో పెట్టుకున్న 5.5 కిలోల బండిని ఆమె రెండు నిమిషాలలోనే కాదనేశారు, దాని మీట కాలితో తన్నేది. చాలా బండ్ల హ్యాండిళ్ళు ఆమెకు రొమ్ము ఎత్తుకు వచ్చి, తోస్తుంటే భుజాలు పైకి లేస్తున్నాయి. చివరకు హ్యాండిల్‌ను కిందికి దించుకోగలిగే, అడ్డకడ్డీ ఉన్న 7 కిలోల బండి ఒకటి నచ్చింది. సీటు కింది పట్టీని పైకి లాగితే అదే మడత పడి, గోడ ఆసరా లేకుండా నిలబడుతోంది. సందేహం ఒక్కటే. ఇందులో బాబు ముఖం ముందుకు ఉంటుంది, అమ్మకు వాడు కనిపించడు. సీటు ఇటువైపు తిరిగే రకానికి మరికొంత ఖర్చు పెట్టమంటారా?

రెండో సమాధానం రాసినవారు:

నేనైతే పెట్టను. తిరిగే సీటు ఉన్నవి సాధారణంగా ఇంకా బరువు, మడిచేటప్పుడు కొన్నింటికి సీటును విడిగా తీయాలి కూడా. పైకప్పులో చూసుకోవడానికి చిన్న కిటికీ ఉంటే అది చాలు. మధ్యమధ్యలో బ్రేకు వేసి ముందుకు వచ్చి పలకరిస్తే వాడికీ తృప్తి, ఆమె మోకాలికీ కాస్త విశ్రాంతి. ఎండకోసం బండి మొత్తాన్ని గుడ్డతో కప్పవద్దని మాత్రం చెప్పండి, లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది.

హ్యాండిల్ ఎత్తు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే, పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి, చేతులు నడుముకు కాస్త పైన ఉండాలి. మెట్లున్న ఇల్లయితే బండిని గుమ్మం దగ్గరే, కింది అంతస్తులోనే ఉంచే ఏర్పాటు చేయండి. బాబును కూర్చోబెట్టి బండిని ఎత్తే ప్రయత్నం ఆమె ఎన్నడూ చేయకూడదు. కొన్నాక మీరు ఇంట్లో ఉన్న రోజున, వేళ్ళు బిగుసుకున్న పూట చూసి, ఆమె చేత పదిసార్లు మడిపించండి. అంతవరకు డబ్బానూ రసీదునూ పారేయకండి.