అమ్మకి సాల్మన్ కొనాలా, మన చేపలే చాలా? తిరుపతి వాళ్ళు చెప్పండి

పద్మావతిపురం అమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మకి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నాయని డాక్టరు వారానికి రెండుసార్లు చేప తినమన్నారు, వేపుడు వద్దన్నారు. తమ్ముడు బెంగళూరు నుంచి వస్తూ ఫ్రోజెన్ సాల్మన్ తెచ్చాడు, అమ్మకి బాగా నచ్చింది. ప్యాకెట్ మీద 'అట్లాంటిక్ సాల్మన్, నార్వే' అని ఉంది. ఇక్కడ మార్కెట్లో ఒకాయన 'ఇండియన్ సాల్మన్' అని చాలా తక్కువ రేటుకి ఇస్తానంటున్నాడు. నా టెన్షన్ రేటు గురించి కాదు. సాల్మన్ తగ్గిపోతోందని ఒకచోట చదివాను, ఫార్మ్‌లో పెంచినదైతే పర్లేదని ఒకరు, అదే ఇంకా నష్టమని ఇంకొకరు అంటున్నారు. మనం తినడం వల్ల ఎక్కడో ఒక జాతి అంతరించిపోతుంటే ఆ ముద్ద నాకు గొంతు దిగదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిత్తూరు టు సియాటిల్:
అక్కా, నేను కొన్నేళ్ళు సియాటిల్‌లో ఉండి వచ్చాను, అక్కడ సాల్మన్ అంటే ఊరంతా పట్టించుకునే విషయం. ముందు ఆ ఇండియన్ సాల్మన్ సంగతి: అది అసలు సాల్మనే కాదు, మన మాగ చేప. బొంబాయి వాళ్ళు రావస్ అంటారు. రుచైన చేపే, మాగ అనే కొనుక్కోండి.

మీ ప్యాకెట్‌లోది మాత్రం ఫార్మ్‌దే. నార్వేలో సముద్రపు పాయల్లో వలలతో పెద్ద పెద్ద పంజరాలు కట్టి పెంచుతారు. ఒక్కచోట లక్షల చేపలు ఉండేసరికి వాటికి సముద్రపు పేను పడుతుంది, నదిలో పుట్టి సముద్రానికి పోతున్న వైల్డ్ పిల్లలు ఆ పక్కనుంచే వెళ్ళాలి కాబట్టి వాటికీ అంటుకుంటుంది, చిన్న పిల్లలు తట్టుకోలేవు. ఇంకోటి, వల చిరిగి తప్పించుకున్న ఫార్మ్ చేపలు నదుల్లోకి ఎక్కి వైల్డ్ వాటితో కలుస్తాయి, అలా పుట్టినవాటికి ఆ నదిలో బతికే సత్తా తగ్గుతుంది. 2024 వేసవిలో నార్వే ప్రభుత్వమే 33 నదుల్లో సాల్మన్ వేట ఆపేసింది, సముద్రం నుంచి తిరిగొచ్చే చేపలు అంత తగ్గిపోయాయి. దీనికి ఫార్మ్‌లు ఒక్కటే కారణం కాదు, సముద్రం వేడెక్కడం, నదుల మీద కట్టిన ఆనకట్టలు కూడా ఉన్నాయి.

అలాగని వైల్డ్ అనగానే కళ్ళు మూసుకుని కొనేయొద్దు. అలాస్కాలో 1990 నుంచి చేపల ఫార్మ్‌లు నిషేధం. గుడ్లు పెట్టడానికి నది ఎక్కే చేపల్ని లెక్కపెట్టి, తగినన్ని ఎక్కుతున్నాయని చూసుకునే వేటకి వదులుతారు. అక్కడి సాకై, పింక్ రకాలు మంచి ఎంపిక. కానీ అదే అలాస్కాలో యూకాన్ నదిలో చినూక్ రకం ఎంత పడిపోయిందంటే 2024లో కెనడాతో కలిసి ఏడేళ్ళు దాని వేట ఆపాలని ఒప్పందం చేసుకున్నారు. కాబట్టి ఏ రకం, ఏ నది అని చూడాలి. ప్యాకెట్ మీద వైల్డ్‌కి ఎంఎస్‌సీ, ఫార్మ్‌కి ఏఎస్‌సీ ముద్ర ఉందేమో చూడండి, నష్టం తక్కువయ్యేలా పట్టారని, పెంచారని తనిఖీ చేసి ఇచ్చే ముద్రలవి, ముద్ర ఉన్నది లేనిదానికంటే నయం.

సూళ్లూరుపేట శీను:
అన్న చెప్పిందంతా సరే, కానీ అసలు ప్రశ్న సాల్మన్ ఎందుకు అని. సాల్మన్ వేటాడి తినే చేప, దాని దాణాలో ఇప్పుడు సోయా పెరిగినా చేపపిండి, చేప నూనె ఇంకా వేయాల్సిందే. ఆ పిండి కోసం పెరూ లాంటి చోట్ల సముద్రంలో నెత్తళ్ళ జాతి చేపల్ని టన్నులకు టన్నులు పడతారు. డాక్టరు చేప తినమన్నది ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసమే అయితే, అదేదో మన కవళ్ళలో, కానాగంతల్లో నేరుగా ఉంది కదక్కా. చిన్న చేపలు తొందరగా పెరుగుతాయి, తొందరగా గుడ్లు పెడతాయి, వంజరం లాంటి పెద్దవాటితో పోలిస్తే పాదరసం కూడా తక్కువ.

మాది పులికాట్ పక్కన. సరస్సులో రొయ్య పిల్లలు, చేప పిల్లలు సముద్రం నుంచి ముఖద్వారం గుండా రావాలి. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి అది పూడిపోతే పైన ఎంత మంచి వల వేసినా ఏమీ పడదు. అందుకే సాల్మన్ కష్టం చదివితే నాకు పరాయిగా అనిపించదు, దాని దారికి ఆనకట్టలు అడ్డం, మా వాటికి ఇసుక అడ్డం. అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు ఆనకట్టలు తీసేస్తే 2024లో కొన్ని వారాల్లోనే సాల్మన్ పైకి ఎక్కాయి. మా దగ్గర కూడా పూడిక తీయమని మత్స్యకారులు ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.

పద్మావతిపురం అమ్మాయి:
చాలా థ్యాంక్స్ అన్నా, ఇద్దరికీ. మరి ఎండాకాలంలో వేట నిషేధం అంటారు కదా, అప్పుడు కూడా మార్కెట్లో సముద్రపు చేప కనిపిస్తుంది. అది కొనొచ్చా?

సూళ్లూరుపేట శీను:
మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజన్ లేని తెప్పలకి, నాటు పడవలకి మినహాయింపు ఉంది, వాళ్ళు తెచ్చింది నిరభ్యంతరంగా తినండి. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి అంతకుముందు అక్కడి సరుకు లారీల్లో ఇటు వస్తుంది. ఎక్కడిదని అడగండి, చెప్పలేకపోతే ఆ రెండు నెలలూ చెరువు చేప తీసుకోండి. బొచ్చె, రోహు ఎక్కువగా తవుడు, వేరుశెనగ చెక్క మీదే పెరుగుతాయి, వాటి కోసం సముద్రాన్ని ఊడ్చే పని లేదు. ఒమేగా-3 మాత్రం కవళ్ళంత ఉండదు. ఒక్క మాట, సముద్రపు చేప ఎప్పుడు కొన్నా వేలంత పిల్ల చేపల కుప్ప ఉంటే వద్దనండి. కొనేవాళ్ళు అడగడం మానేస్తే సన్న కన్ను వల వేసేవాళ్ళు తగ్గుతారు, దీని గురించి మా ఊళ్ళో పెద్దవాళ్ళు గట్టిగా గొడవపడతారు.

చిత్తూరు టు సియాటిల్:
శీనుతో ఏకీభవిస్తాను. సాల్మన్ ఎప్పుడైనా ముద్ర చూసి ఒకసారి తెచ్చుకోండి, వారం వారం మాత్రం మన చేపే. అమ్మగారికి ముల్లు భయమైతే కానాగంతలు మంచివి, మధ్య ముల్లు పట్టి లాగితే కండ విడిగా వస్తుంది. మామిడికాయ వేసి పులుసు పెట్టండి, నూనె ఒక చెంచా చాలు.