నిఘా సరే, ఉప్పందించేవాణ్ణి ఏమందాం?

నిన్న గుంపులో ఒకరు అడిగారు: "సర్వేలెన్స్‌కీ నిఘానే, ఇంటెలిజెన్స్‌కీ నిఘానే, విజిలెన్స్‌కీ నిఘానే. మనకి ఇంత మాటల కరువా?" కామెంట్లో రాస్తే చాంతాడంత అవుతుందని విడిగా పెడుతున్నాను.

నిఘా పారసీ మాట. నిగాహ్ అంటే చూపు, అంతే. ఉర్దూ గజళ్ళలో ప్రేయసి చూపు కూడా నిగాహే. మన దగ్గరికి వచ్చేసరికి ప్రేయసి పోయి పోలీసు మిగిలాడు. "నిఘా వర్గాల సమాచారం మేరకు" అని రోజూ చదివీ చదివీ, ఎవరు ఎవర్ని చూస్తున్నారని అడగడం కూడా మానేశాం.

నా ఇబ్బంది వేరే. రహస్య పోలీసుల పని చూపుతో జరిగేది తక్కువ, ఎవరో ఒకరు చెబితే జరిగేది ఎక్కువ. తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖ స్టాసీ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఇక్కడే ఇరుక్కున్నాను. 1989లో ఆ శాఖలో జీతగాళ్ళు సుమారు 91 వేలు. వాళ్ళు కాక 1.7 లక్షలకు పైగా "అనధికార సహకారులు". ఆ పేరు స్టాసీదే. తోటి ఉద్యోగులు, స్నేహితులు, పక్కింటివాళ్ళు. 1992లో ఫైళ్ళు జనానికి చూపించడం మొదలుపెట్టాక, ఒక ఉద్యమకారిణి తన ఫైలు తెరిచి చూసుకుంటే, మారుపేరుతో తన సంగతులు చేరవేసింది కట్టుకున్న మొగుడే!

ఆయన్ని ఏమనాలి? గూఢచారి అంటే నల్ల కళ్ళద్దాలు గుర్తొస్తాయి. వేగు చక్కటి మాట, తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి "వేగులవారు" బాగా తెలుసు. కానీ వేగు పరాయి చోటికి వెళ్ళి రావాలి కదా, ఈయన ఇల్లు కదల్లేదు. చివరికి "ఉప్పందించేవాడు" అని రాశాను. చాడీకోరు అనొచ్చుగా అని ఒక మిత్రుడు సూచించారు. ఒప్పుకోలేకపోయాను. చాడీ కడుపుమంటతో చెబుతారు. స్టాసీకి చెప్పినవాళ్ళలో నమ్మి చెప్పినవాళ్ళున్నారు, ఏదో లాభానికి చెప్పినవాళ్ళున్నారు, బెదిరిస్తే చెప్పినవాళ్ళూ ఉన్నారు.

ఇంకొకరు విదురనీతి శ్లోకం గుర్తుచేశారు: "గంధేన గావః పశ్యంతి... చారైః పశ్యంతి రాజానః". ఆవులు వాసనతో చూస్తాయి, రాజులు చారులతో, అంటే వేగులతో, చూస్తారు. స్టాసీ ఈ రెండు పనులూ చేసింది! అనుమానితుణ్ణి కూర్చోబెట్టిన కుర్చీలో గుడ్డ పెట్టి, ఆ వాసన పట్టిన గుడ్డని గాజు సీసాలో మూతబెట్టి దాచేవారు, తర్వాత కుక్కలకి చూపించడానికి. అర్థశాస్త్రం సన్యాసి వేషంలో, వర్తకుడి వేషంలో చారుల్ని పెట్టమంది గానీ సీసాల దాకా వెళ్ళలేదు.

అన్నట్టు "రహస్య పోలీసు" అన్నది సాధారణంగా బయటివాళ్ళు పెట్టే పేరే. రష్యా జార్ల ఓఖ్రానా అంటే కాపలా. రుమేనియా కమ్యూనిస్టుల సెక్యూరిటాటే అంటే భద్రత. స్టాసీ పూర్తి పేరు రాజ్య భద్రతా మంత్రిత్వ శాఖ. 1957లో ఇరాన్ షా పెట్టిన సావాక్ పేరులోనూ భద్రత ఉంది. రాజరికమైనా కమ్యూనిజమైనా పేరు దగ్గర తేడా లేదు.

ప్రజాస్వామ్యం పేరు ఇంకాస్త తెలివిగా ఉంటుంది. అమెరికాలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1956 నుంచి 1971 దాకా నడిపిన కోఇంటెల్‌ప్రో అంటే కౌంటర్ ఇంటెలిజెన్స్ ప్రోగ్రామ్, అంటే మన మీద నిఘా పెట్టినవాళ్ళని తిప్పికొట్టే పని అని అర్థం. మొదట కమ్యూనిస్టు పార్టీ మీద మొదలై, నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ దాకా వచ్చింది. ఒక చిన్న ఊళ్ళోని ఎఫ్‌బీఐ ఆఫీసులో కొందరు పౌరులు దొంగతనానికి దిగి కాగితాలు పత్రికలకి పంపితే గానీ ఆ పేరు లోకానికి తెలియలేదు. దీన్ని "ప్రతినిఘా" అని తెలుగు చేశాను, కానీ ఆ "ప్రతి" దగ్గర కలం ఆగిపోతోంది. కింగ్ ఎవరి మీద నిఘా పెట్టాడని? ఆ ఒక్క ముక్కకి ఏదైనా దారి తోస్తే చెప్పండి, వ్యాసం ఎల్లుండి పంపాలి.