అతిథి తెచ్చిన వైన్ ఆ రాత్రే తెరవాలా?

ప్రశ్న:
మొన్న శనివారం ఆరుగురిని భోజనానికి పిలిచాం. వంటకి తగ్గట్టు రెండు సీసాల వైట్ వైన్ పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. మా ఆయన ఆఫీసులో పనిచేసే ఒకావిడ వస్తూనే ఒక రెడ్ వైన్ సీసా చేతిలో పెట్టారు. థాంక్స్ చెప్పి అలమరలో పెట్టేశాను. భోజనాల దగ్గర ఆవిడ రెండు మూడుసార్లు అటువైపు చూశారు. అప్పట్నుంచీ ఒకటే మథనపడుతున్నాను. తెరవకపోవడం తప్పా?

జవాబు:
తప్పేం కాదండీ. చేతికిచ్చాక అది మీ సొంతం, ఎప్పుడు తెరవాలో మీ ఇష్టం. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది: "ఇవాళ్టికి వేరేది సిద్ధంగా ఉంది, దీన్ని దాచుకోనా, ఇప్పుడే తెరవనా?" అని. నేనైతే తీసుకోగానే పక్కన పెట్టను. వాళ్ల ముందే లేబుల్ చదువుతాను, ఎందుకు ఎంచుకున్నారో అడుగుతాను.

జవాబు:
సీసా చల్లగా చేతికొస్తే మాత్రం అది ఆ రాత్రి కోసమే. చల్లబెట్టి మరీ తెచ్చారంటే అందరితో కలిసి తాగాలనే కదా! స్పార్క్లింగ్ వైన్, అంటే బుడగలు పొంగే రకం, చల్లగా లేకపోతే తొందరపడి తీయకండి. షాంపేన్ లాంటి వాటిలో కారు టైరుకి రెండు మూడు రెట్ల ఒత్తిడి ఉంటుంది. మా ఇంట్లో ఒకసారి అలాగే తీస్తే సగం సీసా టేబుల్‌క్లాత్ పాలైంది. బకెట్‌లో ఐస్, నీళ్లు సగం సగం పోసి మెడదాకా ముంచితే అరగంటలో చల్లబడుతుంది. ఉత్త ఐస్ అయితే ముక్కల మధ్య ఖాళీలుంటాయి, నీళ్లయితే సీసా అంతా తాకుతాయి.

ఇంకోటి, 750 మిల్లీలీటర్ల సీసాకి 5 గ్లాసులే వస్తాయి. మీతో కలిపి ఎనిమిది మందికి రెండు సీసాలు ఎలా సరిపోయాయండీ?

జవాబు:
నేను ఎవరింటికి తీసుకెళ్లినా గుమ్మంలోనే చెప్పేస్తాను, "ఇది మీకోసం, ఇవాళే తెరవక్కర్లేదు" అని. ఇంటివాళ్లకి టెన్షన్ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
సరిపోలేదండీ. భోజనం సగంలోనే రెండూ అయిపోయాయి, ఆ తర్వాత అందరికీ మంచినీళ్లే పోశాను. ఆవిడ అలమర వైపు ఎందుకు చూశారో ఇప్పుడు అర్థమైంది. ఇందాకే ఫోన్ చేశాను, ఆ సీసా ఇంకా తెరవలేదని, వచ్చే ఆదివారం వస్తే కలిసి తెరుద్దామని. వస్తామన్నారు.