ప్రమాణాన్ని చేస్తామా, స్వీకరిస్తామా?

సభ్యులందరికీ నమస్కారం. "ప్రమాణం చేసేదే గాని పుచ్చుకునేది కాదు కదా, ప్రమాణ స్వీకారం అనడం తప్పు కాదా?" అని నిన్న ఒక మిత్రులు అడిగిన ప్రశ్నకు, వ్యాకరణం వైపు నుంచి కాక, ఆ కార్యక్రమాన్ని శ్రద్ధగా చూసే పౌరుడిగా జవాబు రాస్తున్నాను. అయిదేళ్లకోసారి జూలై 25న దూరదర్శన్ ముందు కూర్చోవడం మా ఇంట్లో పాత అలవాటు. 1977లో నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజది. ఆయన తరువాత వచ్చినవారంతా పదవీకాలం పూర్తిగా నిర్వహించినందువల్ల, ఏ చట్టంలోనూ రాయకుండానే ఆ తేదీ ఆనవాయితీగా నిలిచిపోయింది.

ముందు మాట సంగతి చూద్దాం. ప్రమాణానికి మూలార్థం కొలత, ఆ పైన రుజువు. తర్కశాస్త్రంలో ప్రత్యక్షం, అనుమానం మొదలైనవి ప్రమాణాలు. హిందీవారు ఈ సందర్భంలో శపథం అంటారు గాని, మనకు శపథమనగానే కౌరవ సభలో భీముడు గుర్తుకొస్తాడు. ఆ మాటకు మన భాషలో పగ వాసన అంటుకుంది. ఒట్టు అందామంటే, "ఒట్టు తీసి గట్టున పెట్టు" అన్న సామెతను పుట్టించిన జాతి మనది. బాస మరీ ఆంతరంగికం, ఇద్దరి మధ్య మాట. కాణిపాకంలో వినాయకుడి ఎదుట చేసేదీ, నలుగురూ వినేలా చెప్పేదీ ప్రమాణమే కనుక, రాజ్యాంగ పదవికి ఆ మాటే కుదిరింది. తమిళులు, కన్నడిగులు కూడా ఇక్కడ ఈ మాటనే వాడడం గమనించదగ్గది.

ఇక స్వీకారం. రాష్ట్రపతి పలికే వాక్యం రాజ్యాంగం 60వ అధికరణంలోనే అక్షరం పొల్లుపోకుండా ఉంది. అందులో ఆ వ్యక్తివంటూ ఉండేవి రెండే: తన పేరు, దైవసాక్షిగా చెప్పాలా వద్దా అన్న ఎంపిక. మిగిలినదంతా, అంటే పదవిని విశ్వాసంతో నిర్వహిస్తాననీ, రాజ్యాంగాన్నీ చట్టాన్నీ శక్తివంచన లేకుండా కాపాడి పరిరక్షిస్తాననీ, ప్రజల సేవకూ శ్రేయస్సుకూ అంకితమవుతాననీ చెప్పే మాటలన్నీ, ఆయన పుట్టకముందో ఆమె పుట్టకముందో ఇతరులు కూర్చి పెట్టినవి కావచ్చు. 2022లో ద్రౌపదీ ముర్ము గారి విషయంలో ఇది అక్షరాలా నిజం, ఆమె స్వాతంత్ర్యం తరువాత పుట్టిన తొలి రాష్ట్రపతి. (ఆ రోజు పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆమె చేత ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు తెలుగువారన్న సంతోషం మా ఇంట్లో కాస్త ఎక్కువగానే వ్యక్తమైంది.) ఇతరులు నిర్ణయించిన కొలతను నలుగురి ఎదుట తనదిగా ఒప్పుకోవడాన్ని స్వీకరించడం అనక మరేమంటాం? 2009లో అమెరికాలో ఒక్క మాట వరుస తప్పినందుకు బరాక్ ఒబామా మరునాడు మళ్లీ ప్రమాణం చేయవలసివచ్చిందంటే, ఆ కొలత ఎంత ఖచ్చితమైనదో ఊహించవచ్చు.

మంత్రులు ప్రమాణం చేసేటప్పుడు "భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతాన"ని అంటారు. రాష్ట్రపతి దానిని కాపాడతానంటారు. విధేయుడికీ కావలివాడికీ ఉన్న తేడా ఇది. పూర్వం రాజ్యానికి చెప్పిన ఏడు అంగాలలో, అంటే సప్తాంగాలలో, రాజే మొదటి రాజ్యాంగం. ఇప్పుడు అదే మాట గ్రంథానికి పేరై, పదవిలోకి వచ్చేవారు దానికి కాపలా కాస్తామంటున్నారు. ఈ మార్పు వినబడాలనే నేను టీవీ శబ్దం పెంచుకుంటాను.

ఒక సభ్యుని అభ్యంతరం: మీరు లేని లోతు చూపుతున్నారేమో. "పదవీ స్వీకారం" అన్న మాటను చూసి పత్రికలవారు తొందరలో కట్టిన సమాసం ఇదని నా అనుమానం. మా ఊళ్లో ఎవరూ స్వీకారం అనరు, "ప్రమాణం చేశాడు" అంటారు. అంతకంటే పట్టాభిషేకం అన్నా సొంపుగా ఉంటుంది.

నా సమాధానం: జనం అనేదే వాడుక, అందులో నాకు పేచీ లేదు, మాట పుట్టుక గురించి మీ అనుమానమూ నిజం కావచ్చు. పట్టాభిషేకాన్ని మాత్రం ఒప్పుకోలేను. అభిషేకంలో నీళ్లు పడే శిరస్సు ముందే నిర్ణయమై ఉంటుంది, ఆ శిరస్సుకు నోరు తెరవవలసిన పని లేదు. "ప్రజలు పట్టం కట్టారు" అంటే సరే, నుదుట పట్టం కట్టే చేయి అక్కడ ఓటరుది. అయితే పదవీ స్వీకారాన్నీ ప్రమాణ స్వీకారాన్నీ మీరు ఒకే గాటన కట్టడం సరికాదు. ప్రమాణం పూర్తయ్యాక వెళ్లిపోయే రాష్ట్రపతీ, కొత్త రాష్ట్రపతీ లేచి కుర్చీలు మార్చుకుంటారు. 2022లో రామ్‌నాథ్ కోవింద్ గారు అలా లేచి పక్క కుర్చీలోకి మారడం చూసినప్పుడు, బయట ఇరవై ఒక్క తుపాకుల వందనం కన్నా అదే నాకు పెద్ద ఘట్టమనిపించింది. కంటికి కనిపించే పదవీ స్వీకారం అదీ. ప్రమాణ స్వీకారం దానికి ముందే చెవికి వినబడింది.

మీ అనుమానం తేలాలంటే 1950 జనవరి 26న రాజేంద్ర ప్రసాద్ గారి ప్రమాణం గురించి మరునాటి తెలుగు దినపత్రికలు ఏ మాట వాడాయో చూడాలి. పాత సంచికలు దాచుకున్నవారెవరైనా ఆ వార్త శీర్షికను ఇక్కడ యథాతథంగా రాయవలసిందిగా కోరుతున్నాను.